గాలి ఎక్కువుంటే చేట దించాలి

వాతావరణం యాప్ ఓపెన్ చేయగానే మీరు ఏం చూస్తారు? ఎండ ఎంత, వాన ఉందా లేదా, అంతే కదా. కాన్సాస్‌లో ఉండేవాళ్లు మాత్రం ముందు గాలి చూస్తారు. అమెరికా మధ్యలో ఉండే ఈ రాష్ట్రానికి ఆ పేరు ఇక్కడి కాన్సా అనే ఆదివాసీ తెగ నుంచి వచ్చింది. 'దక్షిణపు గాలి జనం' అని ఆ మాటకు అర్థం చెబుతారు. ఇప్పుడు ఇక్కడ తయారయ్యే కరెంటులో నలభై శాతానికి పైగా గాలిమరల నుంచే వస్తోంది. ఎటు చూసినా గడ్డి మైదానాలు. గాలిని ఆపడానికి కొండ ఉండదు, చెట్లూ తక్కువే. మార్చి, ఏప్రిల్ నెలల్లో అయితే కారు డోర్ తీయాలన్నా రెండు చేతులూ కావాలి.

ఇలాంటి చోట నేను నేర్చుకున్న ఆట ఏంటో తెలుసా? గాల్లోకి ప్లాస్టిక్ పళ్లెం విసిరే ఆట. పేరు డిస్క్ గోల్ఫ్.

గోల్ఫ్ తెలుసు కదా, అలాంటిదే. బంతి బదులు డిస్క్, గుంట బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. మొదలుపెట్టిన చోటి నుంచి ఎన్ని తక్కువ త్రోలలో బుట్టలో వేస్తే అంత గొప్ప. మామూలుగా 18 హోల్స్ ఉంటాయి. డిస్క్ మనం బీచ్‌లో ఆడే ఫ్రిస్బీ కంటే చిన్నది, అంచు పదునుగా ఉంటుంది. బరువు చాలావరకు 150 నుంచి 175 గ్రాముల మధ్య. ఈ ఆటకు ఒక రూపం తెచ్చింది ఎడ్ హెడ్రిక్ అనే ఆయన. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేయించాడు. ఆటంటే ఎంత పిచ్చో చూడండి, 2002లో ఆయన చనిపోయాక, ఆయన కోరిక ప్రకారమే చితాభస్మాన్ని కలిపి డిస్కులు తయారుచేశారు.

నేను చదువుకున్న ఎంపోరియా చాలా చిన్న ఊరు. జనాభా పాతిక వేల లోపే. కానీ ఈ ఆటకు మాత్రం రాజధాని లాంటిది. 2016లో, మళ్లీ 2022లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది. 2022లో పాల్ మెక్‌బెత్ ప్లేఆఫ్‌లో గెలిచి ఆరో ప్రపంచ టైటిల్ అందుకున్నదీ ఇక్కడే. ఊళ్లో పీటర్ పాన్ పార్కు, జోన్స్ పార్కు లాంటి చోట్ల కోర్సులున్నాయి. టికెట్ లేదు, ఎవరూ ఆపరు. పాత డిస్కులు రెండు కొంటే ఖర్చు అక్కడితో సరి.

నిజం చెప్పాలంటే ఈ ఆట మొదలుపెట్టడానికి ఆ 'ఖర్చు లేదు' అన్న మాటే కారణం. 2023 డిసెంబర్‌లో మాస్టర్స్ పూర్తయింది. తర్వాత ఓపీటీ. అమెరికాలో ఉన్నవాళ్లకి ఈ మూడక్షరాలు వింటేనే గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. చదువయ్యాక ఏడాది పాటు మన చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ ఆ ఏడాదిలో ఉద్యోగం లేని రోజులు మొత్తం కలిపి 90 దాటకూడదు. దాటితే స్టేటస్ పోయినట్టే. ఫ్రిజ్ మీద క్యాలెండర్ పెట్టుకుని రోజుకో గీత కొట్టేవాణ్ని. వందల అప్లికేషన్లు వెళ్లాయి. జవాబులన్నీ 'మీ ఆసక్తికి ధన్యవాదాలు' దగ్గరే ఆగిపోయాయి. గదిలో కూర్చుంటే ఆ గీతలే కనబడేవి. అందుకే ఆదివారాలు పార్కుకి పోయేవాణ్ని.

అరవై మూడో రోజు ఆదివారం. యాప్‌లో గాలి గంటకు 25 మైళ్లు, మధ్యమధ్యలో ఒక్కసారిగా కొట్టే విసురు 40 మైళ్లు. అంటే 64 కిలోమీటర్లు. నాతో పాటు గదిలో ఉండే సీనియర్ అన్న ఒక్కడే వచ్చాడు. మొదటి హోల్‌కే ఎదురుగాలి.

"గాలిని చీల్చుకుని పోవాలిరా, చూడు" అంటూ అన్న ఒంట్లో బలమంతా పెట్టి విసిరాడు. డిస్క్ ముందుకు పోవాల్సింది పోయి పైకి లేచింది. కుడికి తిరగబడింది. పక్క రోడ్డు మీద అంచు మీద పడి, సైకిల్ చక్రంలా దొర్లుకుంటూ పోయింది. వెనకాల అన్న పరుగు. ఆట హద్దు దాటింది కాబట్టి ఒక త్రో పెనాల్టీ కూడా.

ఎందుకలా జరుగుతుందో చెబుతా. డిస్క్ ఎంత వేగంగా పోతోందో దానికి నేల చెప్పదు, గాలి చెబుతుంది. కుడిచేతివాటం వాళ్లు చేతిని ఎడమ నుంచి లాగి విసిరితే, డిస్క్ గడియారం ముల్లులా తిరుగుతూ వెళ్లి, వేగం తగ్గాక ఎడమకి వాలి దిగుతుంది. ఎదురుగాలి ఉంటే డిస్క్ మీదుగా పోయే గాలి వేగం పెరుగుతుంది. అప్పుడది మనం ఇంకా గట్టిగా విసిరినట్టే ప్రవర్తిస్తుంది. పైకి లేస్తుంది, కుడికి తిరగబడుతుంది. కాబట్టి ఎదురుగాలిలో బలం పెంచితే మనం గాలికి సాయం చేసినట్టే. వెనకగాలి దీనికి పూర్తిగా రివర్స్. డిస్క్‌ని పైన నిలబెట్టే శక్తి తగ్గి, తొందరగా దిగిపోతుంది. పక్కగాలి ఇంకో రకం. డిస్క్ అడుగు భాగం గాలికి కనబడితే పడవ తెరచాపలా దాన్ని మోసుకుపోతుంది, పైభాగం కనబడితే నేలకేసి నొక్కేస్తుంది.

రెండో హోల్ దగ్గర ఉండగా నాన్న వీడియో కాల్. మాకు ఉదయం ఏడు, బాపట్ల దగ్గర మా ఊళ్లో సాయంత్రం అయిదున్నర.

"ఏంట్రా ఆ హోరు? తుఫానా?"

"కాదు నాన్నా, మామూలు గాలే."

"మామూలు గాలికే నీ టోపీ ఎగిరిపోతోందేంట్రా?"

నాన్న తుఫానా అని అడిగితే నవ్వు రాలేదు. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోతకొచ్చిన మా వరి పడిపోయి నీళ్లలో నానింది. నేను పట్టా అందుకున్న నెలా అదే. నా చదువుకి తీసుకున్న అప్పు, ఆ పంట మీద పెట్టిన అప్పు రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి. ఆ విషయం ఫోన్‌లో ఎవరూ ఎత్తం. 'తిన్నావా' అని అడుగుతారు, 'తిన్నా' అంటా.

ఆ రోజు నాన్న కళ్లంలో ఉన్నాడు. వరి పోయాక వేసిన మినుములు నాలుగు బస్తాలయ్యాయట. అడుగూబొడుగూ మిగిలింది చేటతో తూర్పారబడుతున్నాడు. డిస్క్ చూపించి, ఆట ఏంటో చెప్పాను. అన్న ఇంకో త్రో వేశాడు. అది మళ్లీ పైకి లేచింది.

నాన్న కాసేపు చూసి అన్నాడు. "అంతెత్తున విసురుతాడేంట్రా? గాలి ఎక్కువున్నప్పుడు చేట దించాలి. పైనుంచి పోస్తే తాలుతో పాటు గింజా ఎగిరిపోద్ది. గాలి తగ్గితే అప్పుడు ఎత్తుకోవచ్చు."

ఈ ఆట ఆయన జన్మలో చూడలేదు. అయినా పెద్ద ఆటగాళ్లు చెప్పేదీ అదే. ఎదురుగాలిలో కిందగా విసరాలి. డిస్క్ ముందు అంచు పైకి లేవకూడదు. బరువున్నదీ, తొందరగా తిరగబడనిదీ తీసుకోవాలి. బలం కంటే తిప్పుడు ముఖ్యం. బుట్ట 80 మీటర్ల దూరంలో ఉంటే, ముందు 50 మీటర్లకి చేరితే చాలు. దగ్గరికొచ్చాక కూడా అంతే. ఎదురుగాలిలో డిస్క్ లేస్తుంది కాబట్టి బుట్టకు కాస్త కిందికి గురిపెట్టాలి. గాలి విసురు వస్తే ఆగాలి. ఒక్కో త్రోకి 30 సెకన్లు టైముంటుంది. ఆ లోపు గాలి ఒకసారి ఊపిరి తీసుకుంటుంది.

మిగిలిన హోల్స్ అన్నీ నడుం ఎత్తులోనే విసిరాను. చివరికి 70 త్రోలు. గాలి లేని రోజు నా స్కోరు 64. అంటే గొప్పగా ఏం ఆడలేదు. కానీ ఒక్క డిస్క్ కూడా రోడ్డు మీదికి పోలేదు.

అలాగని ఎప్పుడూ కిందకే విసరమని కాదు. డిస్క్ అత్యంత దూరం విసిరిన రికార్డు డేవిడ్ విగ్గిన్స్ జూనియర్‌ది. 2016లో నెవాడా ఎడారిలోని ప్రిమ్ దగ్గర 338 మీటర్లు విసిరాడు. అక్కడ గాలి అతని వెనక ఉంది. అలాంటప్పుడు ఎత్తుగా వదిలేస్తే మిగతా పని గాలే చూసుకుంటుంది. అందుకే విసిరే ముందు చిటికెడు గడ్డి తుంచి గాల్లో వదిలి, గాలివాటం ఎటుందో చూస్తారు.

ఆ ఏడాది నా గాలి ఎదురుగానే ఉంది. డెబ్బై ఎనిమిదో రోజు ఒక ఆఫర్ వచ్చింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, ఆరు నెలల కాంట్రాక్టు, గంటల లెక్కన జీతం. పేరున్న కంపెనీ కాదు, పేరున్న ఊరూ కాదు. "ఇంకా పన్నెండు రోజులున్నాయి కదరా, పెద్దదేదైనా వస్తుందేమో చూడు" అన్నారు ఫ్రెండ్స్. వాళ్లది ప్రేమే, కాదనను. నేను మాత్రం మర్నాడే సంతకం పెట్టాను. 80 మీటర్ల బుట్టకి 50 మీటర్ల త్రో అది. హద్దులోపల పడితే తర్వాతి త్రో మన చేతిలోనే ఉంటుంది.

క్యాలెండర్‌లో గీతలు ఆగిపోయాయి. ఈ వ్యాసం ఓపీటీలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక్క మాట. రోజులు లెక్కపెట్టుకోండి, కానీ ఆదివారం మాత్రం గదిలో ఉండకండి. డిస్క్ లేకపోతే ఉత్త చేతులతోనైనా గాలిలోకి వెళ్లండి.

మొదటి జీతంలో కొంత ఇంటికి పంపాను. అప్పు వాయిదాకి వాడతారనుకున్నా. నాన్న అందులోంచి రెండు టార్పాలిన్ పట్టలు కొన్నాడు. ఈసారి కోతల టైముకి వరి కుప్పల మీద కప్పడానికట. ఫొటో పెట్టి కింద వాయిస్ మెసేజ్ పంపాడు. "గట్టివేరా, నాలుగు మూలలా తాళ్లకి రింగులున్నాయి. అక్కడ గాలి తగ్గిందా?"

ఇంకా లేదు నాన్నా. ఆడుతున్నా.