సేమ్యాల కూలి

మా అమ్మాయికి కాలేజీ సెలవులు వచ్చినప్పుడల్లా మా వంటింటికి పరీక్షలు మొదలవుతాయి. పోయిన వేసవిలో కేకు పరీక్ష జరిగింది. దాని ఫలితం ఏమైనదో మా వీధికుక్క చెప్పాలి. ఈ వేసవిలో ఒక ఆదివారం ఉదయం ఫోను చేతబట్టుకొని వచ్చి, "అమ్మా, ఇవాళ మనం పాస్తా చేద్దాం. ప్యాకెట్టుది కాదు. పిండి కలిపి మనమే చేద్దాం" అన్నది.

నేను నరసరావుపేటలో కాలేజీ పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పుకొనే మనిషిని. ఏ వస్తువు కంటబడ్డా మొదట దాని పేరు వంకనే చూస్తాను. ఇటలీ భాషలో పాస్తా అంటే పిండిముద్ద అని అర్థం. మనం సేమ్యా అనుకొనే దానికి వారు పెట్టుకొన్న పేరు వెర్మిచెల్లి. అంటే చిన్న పురుగులు. సీతాకోకచిలుకలని ఒక రకానికి, శంఖాలూ చిప్పలూ అని మరొక రకానికి పేర్లున్నవి. ఇదంతా చెప్పబోతే మా అమ్మాయి, "అమ్మా, క్లాసు సోమవారం. ఇవాళ వంట" అన్నది. నోరు మూసుకొన్నాను.

ఆమె చేయదలచుకొన్నది చిన్న చెవులట. దక్షిణ ఇటలీలో బారీ అనే రేవుపట్నం ఉన్నది. అక్కడివాళ్ళు పిండిని చెవి తమ్మెల ఆకారంలో బొటనవేలితో ఒత్తి ఓరెక్కియెత్తె అంటారు. ఆ మాటకు చిన్న చెవులనే అర్థం. ఉత్తర ఇటలీవారివలె ఆ పిండిలో గుడ్డు కలపరు. గోధుమరవ్వ పిండీ నీళ్ళూ తప్ప మరేమీ లేదు. అయితే ఏ గోధుమ పడితే ఆ గోధుమ పనికిరాదు. డ్యూరం అనే గట్టి గోధుమ కావాలి. దాని పిండి ఉడికినా ఆకారం చెడదు. ఎండబెట్టి అమ్మే పాస్తాను ఆ గోధుమతోనే చేయాలని ఇటలీలో 1967లో చట్టమే చేశారు.

"ఆ గోధుమ మన ఊళ్ళో ఎక్కడిది?" అన్నాను, గండం గడిచిందనే ఆశతో. మా వారు ఎప్పుడూ ఇటువంటి సమయాల్లోనే ఉపకారం చేస్తారు. "బన్సీ రవ్వ అదేగా!" అంటూ సంచీ తీసుకొని బజారుకు పోయి, అరగంటలో కిలో రవ్వ తెచ్చి బల్లమీద పెట్టారు.

అరకిలో రవ్వను మిక్సీలో మెత్తగా పట్టాము. చిటికెడు ఉప్పు వేసి, పావులీటరు గోరువెచ్చని నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ కలిపాము. నేను పది నిమిషాలు పిసికాను. అమ్మాయి మరి రెండు నిమిషాలు పిసికి, వేలు నొప్పి అన్నది. ముద్దను వేలంత లావున తాడులాగా చేసి, చిన్న చిన్న ముక్కలు కోసి, బొటనవేలితో నొక్కి లాగితే, చెవి రావలసిన చోట చింపిరి గుడ్డ వచ్చింది. రెండోది పగిలింది. మూడోది వేలికి అంటుకొని వదల్లేదు. పదింటిలో ఒక్కటి కూడా ఏ జీవికీ చెవిగా పనికివచ్చేటట్లు లేదు.

వరండాలో మంచంమీద కూర్చొని మా అమ్మ ఇదంతా చూస్తున్నది. ఆమెకు డెబ్భై దాటినవి. రెండేళ్ళ క్రితం చేతివణుకు మొదలైనప్పటి నుండి వంటింట్లోకి రావడం మానుకొన్నది. రావద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

"ఏందే అది? పిండి నానలా. నానకుండా ఒత్తితే పగలక ఏం జేసుద్ది?" అన్నది అక్కడినుంచే.

"ఇది పాస్తా అమ్మమ్మా, గవ్వలు కాదు" అన్నది మా అమ్మాయి.

"ఏదైతే ఏందే, రవ్వేగా! తడిగుడ్డ కప్పి అరగంట అవతల పెట్టు."

అరగంట తరువాత గుడ్డ తీసి చూస్తే, ముద్ద చెవి తమ్మెలాగా మెత్తగా ఉన్నది. నేను పుస్తకం చూసి కారణం చెప్పగలను: గోధుమపిండిలో నీరు చేరినప్పుడు గ్లూటెన్ అనే సాగుడు జిగురు పుడుతుంది, రవ్వ నూకకు నీరు లోపలిదాకా ఇంకడానికి వ్యవధి కావాలి, పిసికినప్పుడు బిగిసిన జిగురు సడలడానికీ వ్యవధి కావాలి. మా అమ్మ ఏ పుస్తకమూ చూడలేదు. అంతేకాదు, బియ్యప్పిండిలో ఆ జిగురు ఉండదనీ ఆమె చేతికి తెలుసు. అందుకే వినాయక చవితికి పాలతాలికలు చేసేటప్పుడు మరిగే నీళ్ళలో పిండి పోసి ఉక్కబెట్టి కలుపుతుంది. పిండి సగం ఉడికితే ఆ గంజే జిగురవుతుంది.

ఎప్పుడు లేచి వచ్చిందో, పీటమీద మా మధ్య కూర్చొన్నది. "గవ్వల పీట యాడుందే?" అన్నది. గీతలు చెక్కిన ఆ చిన్న చెక్కపీట అటకమీద ఉన్నది. దించి, కడిగి, తుడిచి ఇచ్చాను. పిండిముక్కను పీటమీద పెట్టి బొటనవేలితో ఒక్కసారి నొక్కి జార్చింది. చారలు పడిన గవ్వ చుట్టుకొని పళ్ళెంలో పడింది. వెంటనే ఇంకొకటి. నేను ఆమె చేతివంకనే చూస్తున్నాను. గ్లాసు పట్టుకొంటే నీళ్ళు తొణికే చెయ్యి, పిండిమీద పడినప్పుడు వణకడం లేదు.

మా అమ్మాయి ఫోనులో వెదికి, "అమ్మా, ఇటలీలో కూడా సరిగ్గా ఇట్లాగే చేస్తున్నారు, ఇట్లాంటి పీటే!" అని అరిచింది. మా అమ్మ ఆశ్చర్యపోలేదు. "రవ్వ అదే, వేలు అదే. ఇంకో రకంగా ఎట్టొస్తది?" అన్నది.

పాస్తాను మార్కోపోలో అనే యాత్రికుడు చైనానుంచి ఇటలీకి తెచ్చాడని లోకంలో ఒక కథ ఉన్నది. అతడు ఇల్లు చేరినది 1295లో. కాని 1279లోనే జెనోవా నగరంలో ఒక నోటరీ రాసిన ఆస్తుల జాబితాలో ఒక బుట్టెడు మకరోనీ చేరి ఉన్నది. అంతకు ముందే, 1154లో, అల్ ఇద్రీసీ అనే భూగోళ పండితుడు, సిసిలీలో పాలెర్మో దగ్గర త్రాబియా అనే ఊళ్ళో పిండితో తీగలవంటి తినుబండారం చేసి ఓడల్లో ఎగుమతి చేస్తున్నారని రాశాడు. పేరు యాత్రికుడికి దక్కింది. కూర్చొని చేసినవారి పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఈ ముక్క మనసులో అనుకొన్నాను గాని పైకి అనలేదు. అనకపోవడానికి కారణం ఉన్నది.

నేను ఎనిమిదో తరగతి చదువుతూండగా మా నాన్నగారు పోయారు. అప్పుడు మేము గురజాలలో ఉండేవాళ్ళం. ఉన్న ఎకరమూ అప్పులకింద పోయింది. మా అమ్మ ఎక్కడో పాతది సేమ్యాల మిషను కొన్నది. బల్లకు మరతో బిగించి చేతితో తిప్పే ఇనుప మిషను అది. వేసవి వస్తే చుట్టుపక్కల ఆడవాళ్ళు మైదా, రవ్వ గిన్నెల్లో పట్టుకొని మా ఇంటికి వచ్చేవారు. కిలోకు ఇంత అని కూలి. అమ్మ పిండి కలిపేది, నేను పిడి తిప్పేదాన్ని. బిళ్ళలోనుంచి దిగే తీగలను మా అమ్మ రెండు చేతులమీదా పట్టుకొని, చీరె ఉతికి పరచిన నులకమంచంమీద వేసేది. మొదట నీడలో, ఆ తరువాత ఎండలో. ముందే ఎండలో వేస్తే పైన బిగిసి, లోపల తడి ఉండిపోయి, ముట్టుకొంటే పొడి అవుతుంది. నేపుల్స్ దగ్గర గ్రాన్యానో అనే ఊరిలో ఒకప్పుడు వీధులనిండా దండేలు కట్టి పాస్తా ఆరవేసేవారు. అక్కడివారు కూడా ఎండకన్న గాలినే ఎక్కువ నమ్మారని ఈమధ్య చదివినప్పుడు మా నులకమంచమే కళ్ళకు కట్టింది.

ఆ పిడి తిప్పిన డబ్బులతోనే నేను డిగ్రీలో చేరాను. ఆ డబ్బులతోనే ఎం.ఏ. కూడా చదివాను.

1999 వేసవి. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసి ఇంటికి వచ్చాను. కాలేజీ స్నేహితురాలొకతె, కలిగినవారి అమ్మాయి, మా ఊరికి పెళ్ళికి వచ్చి, చెప్పకుండా మా ఇంటికి వచ్చింది. అరుగుమీద మా అమ్మ మోచేతులదాకా పిండితో, నుదుటిమీద చెమటతో మిషను తిప్పుతున్నది. పక్కన నలుగురు ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకొని ఉన్నారు. నేను ఆ పిల్లను గబగబా లోపలికి తీసుకొని వెళ్ళాను. "ఎవరే ఆవిడ?" అని అడిగింది. నా నోట, "సేమ్యాలు తిప్పేందుకు పిలిపించాం" అనే మాట వచ్చింది.

గోడకు అవతల పిడి చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది. స్నేహితురాలు ఉన్నంతసేపూ మా అమ్మ లోపలికి రాలేదు. మంచినీళ్ళు నేనే ఇచ్చాను. ఆ రాత్రి ఆమె ఏమీ అనలేదు, ఆ తరువాత కూడా ఎప్పుడూ అనలేదు. వినలేదేమోనని ఇరవై అయిదేళ్ళకు పైగా నాకు నేను సర్దిచెప్పుకొంటూ వచ్చాను. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాపమీద కూర్చుండబెట్టి చాపకూడు పెట్టిన ఘట్టాన్ని ఏటేటా పిల్లలకు ఆవేశంగా చెబుతూనే ఉన్నాను. చెబుతున్నంతసేపూ, నా స్నేహితురాలి పక్కన నా తల్లికే చాప వేయలేదన్న సంగతి గొంతులో అడ్డుపడుతూనే ఉన్నది.

సరే, వంట సంగతి. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి ఉప్పు వేశాము. బారీవారు కొంచెం చేదుగా ఉండే ఆకుకూర వాడతారట. మేము మెంతికూర వేశాము. ఆలివు నూనెకు బదులు వేరుసెనగ నూనె. వెల్లుల్లి చిదిపి, ఎండుమిరపకాయలు తుంచి వేయించాము. మిరపకాయ వారికీ మనకూ కూడా అమెరికానుంచి వచ్చిన చుట్టమే గనుక అందులో ఎవరూ తగ్గనక్కరలేదు. గవ్వలు ఉడికి పైకి తేలాక, మరి రెండు నిమిషాలుంచి, కూరలో వేసి, ఉడికిన నీళ్ళు ఒక గరిటెడు పోసి తిప్పాము. ఆ గంజితో కూర గవ్వలకు పట్టింది.

"గవ్వలు బెల్లంపాకంలో పడాల గాని కూరలో పడతయ్యంటే?" అని మా అమ్మ మొహం చిట్లించింది. మా బల్లకు మూడే కుర్చీలు. అందుకని చాప పరచి నలుగురం కూర్చొన్నాము. ఒక గవ్వ నోట వేసుకొని, కొంచెం సేపు నమిలి, "పర్లా. ఉప్పు చాలలా" అన్నది. మా ఇంట్లో అది మొదటి తరగతి మార్కుకింద లెక్క.

తిన్న తరువాత మా అమ్మాయి ఆమెకు ఫోనులో బారీ వీధి చూపించింది. ఆర్కో బాస్సో అని పాత పట్నంలో ఒక సందు. ఇళ్ళముందు బల్లలు వేసుకొని పెద్ద ఆడవాళ్ళు చకచకా చెవులు ఒత్తుతున్నారు. పక్కన చట్రాలమీద ఆరుతున్నవి. దేశదేశాలవారు చుట్టూ చేరి ఫోటోలు తీస్తున్నారు. మా అమ్మ కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూసింది.

"వీధిలోనే కూర్చున్నరే!" అన్నది. తరువాత, "ఆ పక్కన పిల్ల ఎవరు? కూతురా?" అని అడిగింది.

"కూతురే అయివుంటుంది అమ్మమ్మా."

మా అమ్మ మరేమీ అనలేదు. నాకు అక్కడ కూర్చోవడం సాధ్యం కాలేదు. కంచాలు తీసే నెపంతో లేచి వంటింట్లోకి వెళ్ళాను. ఆమె గవ్వల పీట కడగడానికి నా వెనకే వచ్చింది. కొళాయి విప్పి ఉన్నది. ఆ నీళ్ళ చప్పుడులో, "అమ్మా, ఆ రోజు ఆ పిల్లతో నేనన్న మాట నీకు వినబడిందా?" అని అడిగాను. ఏ రోజని గాని, ఏ పిల్లని గాని ఆమె అడగలేదు.

పీట గీతల్లో ఇరుక్కొన్న పిండిని గోటితో తీస్తూ, "ఇనపడకేం! తిప్పేందుకు పిలిపించానన్నావు. కూలి మాత్రం ఇంతదాకా ఇయ్యలా" అన్నది.

నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఆమె కొంగుతో నా మొహం తుడిచి, "అప్పుడు నీకు ఇరవయ్యేళ్ళే. నీళ్ళు పోతన్నయ్యి, కొళాయి కట్టెయ్" అన్నది.

తరువాతి ఆదివారం అటకమీది మిషను దించాము. తుప్పు వదలగొట్టి, మరకు నూనె పెట్టి, ఈసారి వంటింట్లో కాకుండా వీధివైపు వరండాలో బల్లకు బిగించాము. అమ్మ పిండి కలిపి, పక్కన కుర్చీలో కూర్చొని, "సన్నబిళ్ళ ఎయ్యి, గట్టిగా తిప్పు, చదువుకున్నదానివి ఆ మాత్రం బలం లేదంటే?" అని అజమాయిషీ చేస్తున్నది. మా అమ్మాయి తీగలు పట్టి మంచంమీద వేస్తున్నది. మోచేతులదాకా పిండితో నేను పిడి తిప్పుతున్నాను.

అప్పుడే మా కాలేజీలో పనిచేసే ఒకాయన స్కూటరుమీద పోతూ గేటుముందు ఆగి, "ఏమిటండీ మేడం, ఈ పని? ఆవిడెవరు?" అన్నారు.

"మా అమ్మండీ. సేమ్యాలు తిప్పేందుకు నన్ను పిలిపించింది" అన్నాను.

మా అమ్మ తల ఎత్తకుండానే, "మాటలు తరవాత. తిప్పు, తీగ తెగుద్ది" అన్నది.