ముట్టుగుడ్డకు ఎండ

రెంటచింతల ఎండలను గూర్చి తెలుగుదేశమంతటికిని తెలియును; వేసవి ముదిరినదనగా పత్రికలలోని ఉష్ణోగ్రతల పట్టికలో ఆ ఊరి పేరు ముందు వరుసలో కనబడుచుండును. ఆ ఎండలలో పదుమూడు, పదునాలుగేండ్ల బాలిక తన ముట్టు దినములను ఎట్లు గడపుచున్నదో మాత్రము ఏ పత్రికయు వ్రాయదు. నరసరావుపేటలో వైద్యము చేయు నాకు, తొడల సందున ఒరసుకొనిపోయి, చర్మము కంది, నడక కష్టమై తల్లి వెనుక ఒదిగి నిలుచు బాలికలు ఏటేటను ఆ మాసములలో కనబడుచునే యున్నారు. తల్లులలో పెక్కుమంది ‘వేడి చేసింది’ అని తామే నిర్ణయించుకొని, మజ్జిగయు సబ్జా నీళ్ళును త్రాగించి, అవి ఫలింపనప్పుడే వైద్యుని గడప త్రొక్కుదురు.

గురజాల ప్రాంతమునుండి అట్లు వచ్చిన తొమ్మిదవ తరగతి బాలిక నొకతెను పరీక్షింపగా, ఆ దద్దురు ఇరుప్రక్కల సరిగా ప్యాడు అంచుల మేరకే యుండెను. సంచిలోని ప్యాకెట్టు చూపుమంటిని. విప్పకమునుపే పరిమళము గుప్పుమనినది. “వాసన రాకుండా ఉంటుందని ఎక్కువ డబ్బులు పెట్టి ఇదే తెస్తున్నానండీ” అని తల్లి చెప్పినది. ఒక ప్యాడును కత్తెరతో కోసి బల్లపై పఱచి, పైనున్న ప్లాస్టిక్ జల్లెడ పొరను, దాని క్రింది కొయ్యగుజ్జును, అందు చల్లిన సన్నని పలుకులను, అన్నిటికి అడుగున గాలి చొరనీయని పాలిథీన్ పొరను వేరువేరుగా చూపి, గ్లాసెడు నీళ్ళు పోసితిని. ఆ పలుకులు సోడియం పాలీయాక్రిలేట్ అను పదార్థము. తమ బరువునకు ఎన్నో రెట్లు నీరు పీల్చుకొనును. అంతవరకు తల యెత్తని పిల్ల బల్లమీదికి వంగి, “అమ్మా, సగ్గుబియ్యంలా ఉబ్బిందే!” అనినది.

అందు విషమున్నదని భయపెట్టుట నా యుద్దేశము కాదు. అడుగుపొర చెమటను బయటికి పోనీయదు. తడిలో నానిన చర్మము మెత్తబడి, సైకిలు త్రొక్కినను, బడికి నడిచినను, ఒరపిడికి తట్టుకొనలేదు. దానిపై అత్తరు చేరినచో కొందఱి మేనికి అది పడదు. ఆ బాలికకు కొన్నాళ్ళు పూయుటకు లేపనమిచ్చి, వాసన లేని, పైపొర నూలుతో చేసిన ప్యాడు వాడుమని, నాలుగైదు గంటల కొకసారి మార్చుకొనుమని చెప్పగా, తరువాతి నెలలలో దద్దురు మరల రాలేదు. గంటకొక ప్యాడు తడిసిపోవుచుండు బాలికల సంగతి వేఱు. అచట ప్యాడును మార్చుట కాక, రక్తపరీక్ష చేయించుట అవసరము.

ప్యాడు అడుగునున్న ఆ పాలిథీను మన మనుమల కాలమునకును మట్టిలో కలియదు. 2021లో రాష్ట్రప్రభుత్వము ‘స్వేచ్ఛ’ అను పథకముతో సర్కారు బడులలోని బాలికలకు నెలకు పదేసి ప్యాడుల నిచ్చుటకు పూనుకొన్నది. బడి మానకుండ చదువుకొనుటకు అది ఎంతయు మేలైన పని. అయితే వాడినదానిని ఎచట వేయుచున్నారని నేనడిగిన పిల్లలు, నల్లకవరులో చుట్టి కాలువలో వేసితిమనియో, పెంటమీద కాల్చితిమనియో చెప్పుదురు. తగినదానిలో చుట్టి, పొడిచెత్తతో ఈయవలెనని 2016 నాటి నిబంధనలు చెప్పినవి. చెత్తబండి రాని ఊరిలో ఆ పిల్ల ఏమి చేయగలదు?

పల్నాటి నల్లరేగడిలో పత్తి పండును. మన పెద్దవారు ఆ నూలు చీరల పేలికలతోనే కాలము గడపిరి. మెత్తదనమున గాని, భూమికి మేలు చేయుటలో గాని మంచి నూలుగుడ్డకు సాటి వచ్చునది నాకు కనబడలేదు. కాని గుడ్డకు నీరు కావలెను, ఎండ కావలెను, ఆ ఎండలో దానిని ఆరవేయగల ధైర్యము కావలెను. మాచర్ల వైపునుండి వచ్చిన బాలిక యొకతె బడి లేని దినములలో తల్లితో మిరపకాయల కోతకు పోవుచుండెడిది. దురద, దుర్వాసన, దానిపై భరింపరాని మంట. అడుగగా అడుగగా, ఉతికిన గుడ్డను పావడా క్రింద దాచి ఆరవేయుచున్నారనియు, తడి ఆరకమునుపే మరల కట్టుకొనుచున్నదనియు తెలిసినది. “మగవాళ్ళ కంట పడకూడదు కదమ్మా” అని తల్లి అనినది. మంటకు కారణము వేఱు: మిరపలోని కారము నీటికి పోదు, నూనెలో కరగును; కోతనుండి వచ్చినవారు చేతులకు నూనె రాచి, పిమ్మట సబ్బుతో కడిగిన తరువాతనే గుడ్డ మార్చుకొనవలెను. మరకను చన్నీటితో విడిపించి, ఆపైన సబ్బు పెట్టవలెను; ముందే వేడినీరు పోసినచో నెత్తురు గుడ్డకు పట్టుకొనును. వరండాలో కూర్చున్న తండ్రిని పిలిపించి, బిడ్డ జబ్బునకు మందుతోపాటు దాబామీద ఎండ తగులుచోట ఒక దండెము కూడ కావలెనని చెప్పితిని. ఆయన కొంతసేపు నేల చూపులు చూచి, “రేపే కట్టిస్తానమ్మా” అనెను, కట్టించెను కూడ.

భారతీయ ప్రమాణముల సంస్థ 2021లో ఉతికి వాడు ప్యాడులకు ప్రత్యేకముగా ఐఎస్ 17514 అను ప్రమాణమును ఏర్పరచినది. కొనువారు ఆ సంఖ్యను అడుగుట మంచిది. కాని వేసవిలో ట్యాంకరు నీటికై బిందెలతో నిలుచు ఇంట, గుడ్డయే వాడుమని నేను బలవంతపెట్టను.

ముట్టురక్తమును లోననే పట్టియుంచు కప్పును గూర్చియు చెప్పవలసియున్నది. కేరళలోని కుంబళంగి అను గ్రామములో స్త్రీలకు కప్పులు పంచగా, 2022లో అది ప్యాడులు లేని ఊరుగా ప్రకటింపబడినది. ఒక్క సిలికోన్ కప్పు పదేండ్లవరకు పనిచేయగలదు. ఆ యుత్సాహముతోనే ఒక ఉపాధ్యాయిని తన పదుమూడేండ్ల కూతురికి కప్పు కొని తెచ్చి, నేర్పుమని నా యొద్ద కూర్చుండబెట్టగా, ఆ పిల్ల కన్నీరు పెట్టుకొన్నది. భూమిమీది భారమును దించుటకు ఆ చిన్నదానిని భయపెట్టుట న్యాయము కాదని తల్లికి చెప్పి, ఏది కావలెనో పిల్లనే అడిగితిని. ఇంట గుడ్డప్యాడు, బడికి మామూలు ప్యాడు అని తానే తేల్చుకొన్నది.

ఆ బాలికయే కొన్నేండ్లకు ఇంటరు చదువుచు, ఈసారి నాయనమ్మను వెంటబెట్టుకొని, కప్పును గూర్చి తానుగా అడుగ వచ్చినది. “పెళ్ళి కాని పిల్లకి ఇదేమిటమ్మా?” అని ముసలామె కలవరపడగా, కన్నెపొర పుట్టుకతోనే ఒక్కొక్కరికి ఒక్కొక్క తీరున ఉండుననియు, దానినిబట్టి కన్యాత్వమును నిర్ణయించుట వైద్యశాస్త్రము ఒప్పదనియు ఓపికగా చెప్పితిని. చిన్న సైజు తీసికొనుమని, గోళ్ళు కత్తిరించుకొని చేతులు కడుగుకొనుమని, వాడుటకు ముందు ఐదు నిమిషములు మరిగించుమని, పన్నెండు గంటలకు మించి లోన ఉంచవద్దని పిల్లకు చెప్పుచుండగా, నాయనమ్మ నడుమ అందుకొని, “మరిగించడానికి వేరే గిన్నె ఇస్తాలే, పాలగిన్నె మాత్రం ముట్టుకోకు” అనినది.