ఏటికి అవతలి ఇసుక

హంపిలో విరూపాక్షుడి గుడి పక్కనుంచి మెట్లు దిగితే తుంగభద్ర. ఇవతల గుడి, తేరు బజారు, జనం. అవతల విరుపాపుర గడ్డె. నడుమ పారేది పెద్ద నీరేమీ కాదు, ఎండాకాలంలో ఇటునుంచి కేకేస్తే అటు వినపడుతుంది. ఆ కాస్త నీళ్లూ లేకపోయుంటే అవతలి ఇసుక ఏనాడో ఇవతలి బజారులాగే అయిపోయుండేది.

మాది సండూరు తాలూకా బండ్రి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. 1953లో బళ్లారి జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినప్పుడు మావాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు. గీత మారింది గానీ దేవుడు మారలేదు. చైత్ర పున్నమికి హంపి తేరంటే సండూరు కొండల ఎర్రదుమ్ము నెత్తిన పోసుకుని హోసపేటలో దిగి, అక్కణ్ణుంచి ఇంకో బస్సుకు వేలాడాల్సిందే. బజారులో కాలు పెట్టే సందుండేది కాదు. రాయలకాలపు రాతి మంటపాలకు తడికెలు కట్టి అంగళ్లు పెట్టుకున్నారు. ఒక స్తంభానికి గాజులు, ఇంకో స్తంభానికి ప్లాస్టిక్ బిందెలు, ఆ పక్కనే పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు. ఇప్పుడు తలుచుకుంటే అది తప్పో ఒప్పో చెప్పలేను గానీ, ఆ మంటపాలు కట్టిందే అంగళ్ల కోసం కదా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

దర్శనం అయ్యాక మా అవ్వ ఒక్క నిమిషం ఆగేది కాదు. "ఇంగ గాలాడే చోటికి పోదాం రాండ్రా" అని ముందు నడిచేది. గాలాడే చోటంటే గడ్డె.

అవతలికి పోయేది అరిగోల్లో. వెదురుబద్దలు గుండ్రంగా అల్లి, అడుగున పట్టా పరిచి తారు పూసేవాళ్లు. తొలిసారి ఎక్కేవాడికి ఇది పడవా గంపా అని అనుమానం వస్తుంది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్‌కూ అదే అనుమానం వచ్చింది. ఆనెగొంది రేవు దగ్గర వీటిని చూసి, గంపల్లా గుండ్రంగా ఉంటాయని, లోపల బెత్తం, పైన తోలని, పదిహేను ఇరవైమందిని మోస్తాయని రాసిపెట్టాడు. తిన్నగా పోవడం చేతగాక ఎప్పుడూ గిరగిర తిరుగుతుంటాయనీ రాశాడు. మా నాటికి తోలు పోయి ప్లాస్టిక్ పట్టా వచ్చింది, తిరగడం మాత్రం పోలేదు. తెడ్డు వేసేవాడు మమ్మల్ని బరువు చూసి కూర్చోబెట్టేవాడు. అవ్వను నట్టనడుమ, పిల్లల్ని చుట్టూ. నీళ్లు పాదాలకు తగిలితే మా చెల్లెలు ఏడుపు మొదలెట్టేది.

దిగగానే చప్పుడు తెగిపోయేది. పెద్ద పెద్ద గుండ్లు, వాటి సందుల్లో ఇసుక, ఆ వెనక వరిమడి. గుండు నీడ పడ్డ ఇసుక మిట్టమధ్యాహ్నం కూడా చల్లగా ఉండేది. అక్కడ పొట్లం విప్పి ఉగ్గాణి, బజ్జి తినేవాళ్లం. నీళ్లలోకి దిగనిచ్చేది మోకాలి లోతు వరకే. గుండ్ల కింద సుడులున్నాయని, మొసళ్లున్నాయని అవ్వ భయం. ఆ భయం ఉత్తది కాదు.

మడుల్లో పనిచేసేవాళ్లలో కొందరి మాట మాకు వింతగా తోచేది. తుంగభద్ర డ్యాం కట్టి కాలవలు పారాక కోస్తా జిల్లాల రైతులు గంగావతి, సింధనూరు వైపు వచ్చి భూములు కొని, క్యాంపులు కట్టుకుని వరి పండించారు. అలా వచ్చిన తెలుగు అది. వాళ్ల తెలుగు విని మా అవ్వ నవ్వేది. మా తెలుగు విని వాళ్లూ నవ్వేవాళ్లు. నవ్వులయ్యాక మజ్జిగ ఇచ్చేవాళ్లు.

ఆ తర్వాత తెల్లవాళ్లు వచ్చారు. మడి గట్ల వెంబడి రెల్లుకప్పు గుడిసెలు లేచాయి. నేల మీద పరుపులు పరిచిన హోటళ్లు, ఇజ్రాయెల్ పిల్లల కోసం హీబ్రూలో రాసిన బోర్డులు. తెలుగూ కన్నడమూ వినపడే గట్టున హీబ్రూ చదవాల్సి వచ్చింది! వాళ్లు కూడా గాలాడే చోటు వెతుక్కుంటూనే వచ్చారని మా అవ్వ వాళ్లను ఏమీ అనేది కాదు. ఇసుక మీద మాత్రం మాకు చోటు తగ్గింది.

ఈ అంగళ్లూ గుడిసెలూ పోవడం రెండు విడతలుగా జరిగింది. 2011 జూలై నెలాఖరులో హంపి బజారులోని ఇళ్లు, అంగళ్లు కూల్చారు. సుప్రీంకోర్టు బళ్లారి గనులు ఆపమన్నదీ ఆ నెలాఖరులోనే. బండ్రి వైపు లారీల దుమ్ము ఆగింది, హంపిలో గోడల దుమ్ము లేచింది. తర్వాత గడ్డె వంతు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు, మార్చిలో పొక్లెయిన్లు. హంపి 1986లోనే ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఏటి మీద వంతెనలు మొదలెట్టిన పాపానికి 1999 నుంచి 2006 దాకా ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ ఉంది. అందులో ఆనెగొంది వంతెన కడుతుండగానే 2009లో కూలి కూలీలను పొట్టనబెట్టుకుంది. గడ్డె మీద రాతి నీటికాలవ స్తంభాలు ఇంకా నిలిచి ఉన్నాయి, బుక్కరాయల పేరుతో పిలుస్తారు. వాటి పక్కన అనుమతి లేకుండా లాడ్జీలు కట్టడం తప్పే. 2019 ఆగస్టులో డ్యాం గేట్లెత్తితే గడ్డె మీద చిక్కుకున్న వందలమంది పర్యాటకులను బయటికి తేవడానికి హెలికాప్టర్లు రావలసి వచ్చింది. కోర్టు మాట కాదనను. కానీ పొక్లెయిన్ తీసెయ్యగలిగింది గుడిసెల్నే. గుడిసెలకు ముందున్న ఖాళీని అది తెచ్చిపెట్టలేదు.

ఆ ఖాళీని కాపాడింది చట్టం కాదు, వంతెన లేకపోవడం. సాయంత్రం పడవ ఆగిపోతే గడ్డె గడ్డెకే మిగిలేది, రోడ్డు వెంట రావాలంటే చుట్టూ తిరగాలి. ఇప్పుడు కడెబాగిలు దగ్గర వంతెన ఉంది. కార్లు నేరుగా అవతలికి దిగుతాయి. హనుమంతుడు పుట్టాడని చెప్పుకునే ఇక్కడి అంజనాద్రి మెట్ల కింద పార్కింగుకే పోట్లాటలు. ఆయన పుట్టింది తిరుమల అంజనాద్రి మీదని టీటీడీ 2021లో ప్రకటించినా ఇక్కడి బారు తగ్గలేదు. మా హంపీ ఆ ఏడే బళ్లారి జిల్లా దాటి కొత్త విజయనగర జిల్లాలోకి పోయింది, సండూరు మాత్రం బళ్లారిలోనే ఉండిపోయింది.

మొన్న మనవళ్లను తీసుకుపోయినప్పుడు అరిగోలు ఎక్కాలన్నారు. సాణాపురం చెరువుకు పోవాల్సొచ్చింది, అవి ఇప్పుడు అక్కడ తిరుగుతున్నాయి. ఎటూ దాటించవు, ఎక్కిన గట్టునే దింపుతాయి. నడుమ ఒకచోట ఆపి, సెల్‌ఫోన్ తియ్యమని, బొంగరంలా తిప్పుతారు. తిప్పినందుకు వేరే డబ్బు. పేస్ దొర లోటుగా రాసినదానికి ఇవాళ రేటు కట్టారు. మనవళ్లు ఇంకోసారి తిప్పమన్నారు, ఇచ్చాను.