ఆమ్‌స్టర్‌డామ్ ఆటస్థలములు

ఆమ్‌స్టర్‌డామ్ పట్టణమునకు వెళ్లినవారు కాలువలు, పడవలు, రెంబ్రాంట్ చిత్రపటములు చూచి వస్తారు. ప్రభువు కృపవలన మేమును వాటిని చూచాము. అయితే ప్రియ పాఠకులారా, మీకు తెలుపవలెనని మా మనస్సులో నిలిచినవి రైక్స్ మ్యూజియం తోటలోని కొన్ని కమ్మీలు! తోటలోనికి టిక్కెట్టు లేదు. గొట్టములు వంచి చేసిన కమానులు, బోర్లించిన బుట్టవంటి గుమ్మటము అక్కడ ఉన్నాయి. పిల్లలు ఎక్కుతున్నారు, పెద్దలు ఆనుకొని మాటలాడుకొంటున్నారు.

వీటిని రూపొందించినది ఆల్డో వాన్ ఐక్ (1918–1999) అనే వాస్తుశిల్పి. 1946లో నగరపు ప్రజాపనుల శాఖలో చేరాడు. అక్కడ యాకోబా ముల్డర్ అనే అధికారిణి ప్రోత్సాహముతో 1947లో బెర్టెల్‌మన్‌ప్లైన్ అనే చిన్న కూడలిలో మొదటి ఆటస్థలము వేశాడు. వెడల్పాటి గట్టుగల ఇసుక తొట్టి, దానిలో నాలుగు గుండ్రని రాళ్లు, పిల్లిమొగ్గలకు కమ్మీలు, కూర్చొనుటకు బల్లలు, చుట్టూ చెట్లు. అంతే! మా వీధికి కూడా ఒకటి కావాలని ఇతరులు కార్యాలయమునకు ఉత్తరములు వ్రాయసాగారు. 1978 నాటికి ఇట్టివి 700 దాటాయి.

అన్ని స్థలములు ఎక్కడ దొరికాయి? యుద్ధకాలములో జర్మనీవారు ఈ పట్టణపు యూదులను కుటుంబములు కుటుంబములుగా పట్టుకొనిపోయారు. 1944–45 చలికాలపు కరువులో వంటచెరకు లేని జనము ఆ ఖాళీ ఇండ్ల తలుపులు, దూలములు పీకి పొయ్యిలో పెట్టుకొన్నారు. ఇండ్లు కూలిపోయాయి. యుద్ధానంతరము పట్టణములో మిగిలిన ఇటువంటి ఖాళీలలో కొన్ని ఆటస్థలములయ్యాయి. పాత యూదుల పేటకు దగ్గరలో డైక్‌స్ట్రాట్ అనే ఇరుకు వీధిలో, రెండు ఇండ్ల గోడల నడుమ 1954లో ఒకటి వేశారు. జెకర్యా 8వ అధ్యాయములో, పాడైన యెరూషలేము మరల బాగుపడుటకు గురుతుగా వీధులలో ఆడుకొనే బాలబాలికలు కనబడతారు. ఆ మాట ఈ ఊరిలో చదువుకొంటే సంతోషముతోపాటు గుండె బరువెక్కుతుంది. పట్టుబడిన ఆ పిల్లలలో తిరిగివచ్చినవారు బహు కొద్దిమంది.

ఆ రాత్రి మా అమ్మాయి ఇంట, పదేండ్ల మనుమరాలు కంప్యూటరులో టింకర్‌క్యాడ్ తెరిచింది. ఇది ఉచితము. పెట్టె, స్తంభము, అర్ధగోళము వంటి ఆకారములను పలకపైకి లాగి పెట్టడమే, బంకమట్టితో ఆడుకొన్నట్లు. పెద్ద స్తంభమును అణచి బిళ్లగా చేసి, దానిలో చిన్న స్తంభమును రంధ్రముగా పెట్టి రెంటిని కలిపితే ఇసుక తొట్టి గట్టు తయారు! ఆ పలక 200 మిల్లీమీటర్ల చదరము. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున లెక్కిస్తే మన సండే స్కూలు ఆవరణ దాదాపు పడుతుంది. పిల్లవానికి గురుతుగా 12 మిల్లీమీటర్ల పుల్ల ఒకటి నిలబెట్టింది.

తరువాత వర్గీకరణ. ఎక్కేవి ఎరుపు, గెంతేవి పసుపు, వ్రేలాడేవి నీలము, కూర్చొనేవి ఆకుపచ్చ. గుండ్రని రాయి దగ్గర ఆగిపోయింది.

"తాతయ్యా, దీని మీద గెంతవచ్చు, కూర్చోవచ్చు, అంగడి ఆట ఆడవచ్చు. ఏ రంగు వేయాలి?"

"అన్నీ వేయాల్సి వస్తే, ఏదీ వేయకు తల్లీ" అన్నది వాళ్ల అమ్మమ్మ.

రాయి బూడిదరంగుగానే ఉండిపోయింది. వాన్ ఐక్ ఏనుగు, గుఱ్ఱము బొమ్మలు పెట్టకపోవడానికి కారణము కూడా దాదాపు ఇదే. ఏనుగు ఎప్పటికి ఏనుగే; రాయి పిల్లవాడు ఏమంటే అది. బజారులో వేలు పోసి కొనే ప్లాస్టిక్ జారుడుబల్లకు ఒక్క రంగే సరిపోయింది, అదీ రెండేండ్ల ఎండకు పెళుసెక్కుతుంది.

కంప్యూటరుకు తెలియనివి కొన్ని ఉన్నాయి. మన వైశాఖపు ఎండలో ఇనుప కమ్మీ చేయి కాలుస్తుంది గనుక దానిని వేపచెట్టు నీడకు జరిపాము. క్రింద ఇసుక మందముగా ఉండాలి. వాననీరు నిలువకుండా తొట్టి అడుగు తెరిచి ఉంచాలి. మన ఊళ్లలో గుండ్రని గట్టునకు సిమెంటు నూతివర చాలును, రాళ్లకు బదులు తాటిదుంగలు కోసి పాతవచ్చును. వర అంచు మాత్రము వెడల్పు చేయించాలి. ఆరాధన ముగిసిన తరువాత తల్లులు కూర్చొనేది దాని మీదనే.