కోడూరి వాళ్ళది ఏ ఊరు?

2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చిన రోజు మా ఆఫీసులో మధ్యాహ్నం దాకా ఎవరూ పని ముట్టుకోలేదు. క్యాంటీన్లో మా టీమ్ లీడ్ ఫోన్‌లో ఏదో చదువుతూ తలెత్తి, "నీది సిద్దిపేట దగ్గర చిన్నకోడూరు కదా? కీరవాణి పూర్తి పేరు కోడూరి మరకతమణి కీరవాణి అట. రాజమౌళిది కోడూరి శ్రీశైల శ్రీ రాజమౌళి. మీ ఊరోళ్ళా ఏంది?" అన్నాడు. "మా పక్కిల్లే" అన్నాను. అందరం నవ్వుకున్నాం.

కానీ ఆ మాట నన్ను వదల్లేదు. పుట్టి పెరిగిన ఊళ్ళో కోడూరి అనే ఇంటిపేరు విన్న గుర్తే లేదు నాకు. రాత్రి ఇంటికి ఫోన్ చేసి బాపును అడిగాను.

"మన ఊళ్ళ ఎందుకుంటరురా? కోడూర్ల ఉన్నోన్ని కోడూరోడు అని ఎవడు పిలుస్తడు? ఈడ అందరం కోడూరోళ్ళమే గదా" అన్నాడు.

పదేళ్ళుగా కోడ్ రాస్తున్నాను, తీరిక దొరికితే పుస్తకాల మీద సమీక్షలూ రాస్తుంటాను. ఇంత చిన్న తర్కం నాకు ముప్పై నాలుగేళ్ళు తట్టలేదు. ఊరిపేరు ఇంటిపేరు కావాలంటే ముందు ఆ ఊరు వదలాలి.

తర్వాత కొన్ని రాత్రులు దీని మీదే పడ్డాను. ఊరిపేరు ఇంటిపేరయ్యేటప్పుడు దాని చివర మారుతుంది. ఊరు ఊరి అవుతుంది, పాడు పాటి అవుతుంది, వరం వరపు అవుతుంది. ఏలూరు నుంచి ఏలూరి, గన్నవరం నుంచి గన్నవరపు. బడిలో ఔపవిభక్తికాలని బట్టీ కొట్టిన పాఠంలో కొంత ఇదే. కోడూరి అంటే 'కోడూరు యొక్క' అని. కోడూరు యొక్క ఎవరు? 'వారు' అనో, 'మనిషి' అనో తర్వాత ఒక మాట ఉండాలి. వాడుకలో అది రాలిపోయింది. మన ఇంటిపేర్లలో చాలా వాటికి ఇలా సగం మాటే మిగిలింది. 'ఫలానా చోటి నుంచి వచ్చిన' అని మొదలుపెట్టి ఆగిపోతాయి.

ఇది కొత్తదేం కాదు. పాల్కురికి సోమనాథుడి పాల్కురికి, పోతన బమ్మెర రెండూ ఇవాళ జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉన్నాయి. పోతన ఓరుగల్లు వాడా, కడప జిల్లా ఒంటిమిట్ట వాడా అని పండితులు చాలాకాలం కొట్లాడుకున్నారు. ఓరుగల్లు పక్షం వాళ్ళు బమ్మెర ఊరిని సాక్ష్యంగా చూపిస్తారు. నాకూ ఆ వైపే మొగ్గు. అయితే బాపు తర్కంతో చూస్తే ఇంటిపేరు ఒక్కటే ఆ తగాదా తీర్చలేదు. ఆ మనిషి ఎక్కడ కూర్చుని రాశాడో అది చెప్పదు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు ఎక్కడి నుంచి బయల్దేరారో అంతే చెబుతుంది.

పైగా కోడూర్లు ఒకటి కాదు. కృష్ణా జిల్లాలో, నది సముద్రంలో కలిసే హంసలదీవి ఉన్న మండలం పేరు కోడూరు. పాత కడప జిల్లాలో రైల్వే కోడూరు ఉంది, మామిడికీ బొప్పాయికీ పేరున్న ఊరు. మా మండలంలోనే చిన్నకోడూరు, పెద్దకోడూరు రెండున్నాయి. 2016 అక్టోబర్ దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. వీటిలో ఎక్కడి నుంచి ఎవరు వలస వెళ్ళినా కోడూరి వారే అవుతారు. కాబట్టి ఇంటిపేరు కలిసినంత మాత్రాన ఒకే కుటుంబం కానక్కర్లేదు, ఒకే కులమూ కానక్కర్లేదు.

ఇక ఆ ఇంటిపేరున్న వాళ్ళు. మా అమ్మ తరం చదివిన నవలా రచయిత్రి కోడూరి కౌసల్యాదేవి ఉన్నారు. ఆమె 'చక్రభ్రమణం' 1964లో 'డాక్టర్ చక్రవర్తి' సినిమా అయింది. రాజమౌళి వాళ్ళది గోదావరి ఒడ్డున కొవ్వూరు. కానీ ఆయన 1973లో పుట్టింది కర్ణాటక రాయచూరు జిల్లాలోని అమరేశ్వర క్యాంపులో. తుంగభద్ర కాలువల కింద భూములు కొనుక్కుని కోస్తా రైతులు వెళ్ళి స్థిరపడిన క్యాంపులు అక్కడ చాలా ఉన్నాయి. అంటే ఎప్పుడో ఒక కోడూరు, తర్వాత కొవ్వూరు, తర్వాత రాయచూరు, మద్రాసు, హైదరాబాదు. ఇంకో సంగతి కూడా గమనించాను. ఎస్.ఎస్. రాజమౌళి, ఎం.ఎం. కీరవాణి. ప్రపంచానికి బాగా తెలిసిన ఇద్దరు కోడూరి వాళ్ళ ఇనీషియల్స్‌లో 'కె' లేదు.

మా ఇంటిపేరు ఇక్కడ చెప్పడం లేదు. హైదరాబాదులో ఇల్లు అద్దెకు అడిగినప్పుడు ఓనర్లు "ఇంటిపేరేంటి బాబూ" అన్నది మా పూర్వీకుల వలస చరిత్ర మీద ఆసక్తితో కాదని నాకు తెలుసు. మీరు వాళ్ళలా అడగరు, కానీ చెబితే మీ బుర్ర కూడా ఒక్క క్షణం అటు పోతుంది. ఒకటి మాత్రం చెప్పొచ్చు. మాది కూడా ఒక ఊరిపేరే. మేం ఎప్పుడో అక్కడి నుంచి చిన్నకోడూరు వచ్చినవాళ్ళమే. ఆ ఊరు ఎటువైపు ఉందో బాపుకు కూడా తెలియదు.

ఇదంతా ఇక్కడితో ఆగితే ఒక సరదా ఆదివారం కాలక్షేపం. ఆ ఎండాకాలంలో మా నాయినమ్మ పోయింది.

పదకొండో రోజు అయ్యాక ఆమె సందూక తెరిచాం. రెండు చీరలు, వెండి కడియం, బ్యాంకు పుస్తకాలు, అడుగున దారంతో కట్టిన కాగితాలు. మనియార్డర్ ఫారాల కింది ముక్కలవి. అప్పట్లో డబ్బు ఇచ్చేటప్పుడు పోస్ట్‌మ్యాన్ చింపి ఇచ్చిన ముక్క. అవి బొంబాయి నుంచి మా చిన్నతాత పంపినవి.

చిన్నతాత గురించి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎక్కువ మాట్లాడరు. బాపుకు బాబాయి. 1972 కరువులో బావులు ఎండిపోయి, గొడ్లను అమ్ముకుని, ఊళ్ళో కొందరితో కలిసి బొంబాయి పోయాడు. మా దిక్కు జనానికి బొంబాయి కొత్త కాదు. తెలంగాణ నుంచి పోయిన కామాఠీ కూలీల వల్లే అక్కడి కామాఠీపురాకు ఆ పేరు వచ్చింది. చిన్నతాత మొదట బట్టల మిల్లులో బదిలీ కార్మికుడు. అంటే పర్మనెంటు మనిషి రానిరోజు పని, వస్తే లేదు. ఏటా రెండు మూడుసార్లు వాళ్ళమ్మ పేరు మీద డబ్బు వచ్చేది. ఒకసారి వచ్చి, పెళ్ళి చేసుకుని, భార్యను తీసుకుపోయాడు. 1982లో డబ్బు రావడం ఆగిపోయింది.

ఆ ఏడు జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకత్వంలో దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ సమ్మె గెలవలేదు. చాలా మిల్లులు మళ్ళీ తెరుచుకోలేదు. బాపుకు అప్పుడు ఇరవై రెండేళ్ళు, ఇంట్లో చదువొచ్చినవాడు ఆయనొక్కడే. వర్లీ చాళ్ళ చిరునామాకు మూడు కార్డులు రాశాడట. మూడూ తిరిగొచ్చాయి, ఈ పేరు గలవారు లేరని. "మనుషులు పోతే పోయిన్రు, పేరు గూడ లేదంటే ఎట్ల?" అనేవాడు ఎప్పుడైనా. నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచి ఇంటర్నెట్‌లో మా ఇంటిపేరు పెట్టి, చిన్నతాత పేరు పెట్టి, ముంబై అని పెట్టి వెతుకుతూనే ఉన్నాను. ఏమీ దొరకలేదు.

ఆ ముక్కల మీద పంపినవారి పేరు దేవనాగరిలో ఉంది. ఎవరో మరాఠీ ఆయనతో రాయించి ఉంటాడు. మా ఇంట్లో హిందీ అక్షరాలు చదవగలిగింది నా తరమే. ఆ ముక్కలు నా చేతికి వచ్చింది కూడా అప్పుడే. చిన్నతాత పేరు, వాళ్ళ నాన్న పేరు, చివర మా ఇంటిపేరు ఉండాల్సిన చోట కోడూరి అని ఉంది. ముక్క తర్వాత ముక్క చూశాను. అన్నిటిలో అదే.

బాపుకు చదివి వినిపించాను. "అయితే నేను రాసిన కార్డులల్ల..." అని ఆగిపోయాడు.

ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. మిల్లులో హాజరు రాసేవాడు 'ఆడ్‌నావ్' అడుగుతాడు. మరాఠీలో ఇంటిపేరును అలాగే అంటారు. వాళ్ళలోనూ ఊరిపేరుకు 'కర్' చేర్చి ఇంటిపేరు చేస్తారు, సోలాపూర్ అయితే సోలాపూర్‌కర్. చాళ్ళలో సిరిసిల్ల వాళ్ళు, కరీంనగర్ వాళ్ళు, సిద్దిపేట వాళ్ళు కలిసి ఉంటారు. అక్కడ మా ఇంటిపేరుతో ఎవరికీ పని లేదు. ఊళ్ళో ఫలానా ఇంటివాడు అంటే గుర్తుపడతారు, బొంబాయిలో కోడూరాయన అంటేనే గుర్తుపడతారు. మా ఫీల్డులో దీన్ని స్కోప్ అంటాం. ఒక ఫంక్షన్ లోపల పొట్టి పేరు చాలు. బయటికి వెళితే అది ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చేర్చాలి, లేకపోతే దొరకదు. మా పూర్వీకుడెవరో చిన్నకోడూరు వచ్చినప్పుడు ఊరివాళ్ళు అతనికి చేసిందే, చిన్నతాతకు బొంబాయి చేసింది. తేడా అంతా ఈసారి రిజిస్టర్‌లో ఎక్కడమే.

సెప్టెంబర్‌లో ఆఫీసు పని మీద ముంబై వెళ్ళాను. ఒక సాయంత్రం వర్లీ వెళితే, చాళ్ళు కూల్చి టవర్లు కడుతున్నారు. మిగిలిన ఒక వరుస ముందు తెలుగాయన కిరాణా దుకాణం ఉంది. ఈసారి మా ఇంటిపేరు అడగలేదు. "కోడూరి వాళ్ళు ఎవరన్నా ఉండేవాళ్ళా?" అన్నాను. ఆయన వాళ్ళ నాన్నను కేకేశాడు. ఆ పెద్దాయన కాసేపు ఆలోచించి, సమ్మె తర్వాత మగ్గాల మీద పనికి భివండి పోయినట్టు గుర్తుందన్నాడు. రెండు వారాల తర్వాత ఆ దుకాణం ఆయనే ఒక నంబర్ పంపించాడు.

దసరా సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు, బాపు పక్కన కూర్చుని చేశాను. ఎత్తింది నాకంటే చిన్నవాడు. మా యాసే, మధ్యలో మరాఠీ. వాళ్ళ తాత పేరు మా చిన్నతాత పేరే, కానీ ఆ పేరు మా దిక్కు వీధికి ఇద్దరికి ఉంటుంది. మీ ఊరేదని అడిగాను.

"కోడూరు. ఆంధ్రల ఉంటది గదా, తిరుపతి తొవ్వల. నేను చూసిన. తిరుపతి పోయినప్పుడల్ల రైల్ల నుంచి బోర్డు చూపెట్టి, గిదే మన ఊరు అని పిల్లలకు చెప్త" అన్నాడు.

ముంబై నుంచి తిరుపతి దిక్కు పోయే రైళ్ళు కడప దాటాక కోడూరు స్టేషన్ మీదుగా పోతాయి. పాపం, అతనూ నాలాగే వెతికాడు. కోడూరు అని కొడితే మ్యాప్ ఏది చూపిస్తే దానికి దండం పెట్టాడు. తాత పోయాక అడగడానికి ఎవరూ లేరు. మా వాళ్ళేనా, ఆ కోడూరు వాళ్ళే నిజంగానా అని నాకు అనుమానం మొదలైంది.

బాపు ఫోన్ తీసుకున్నాడు. "మీ తాత ఉత్త కోడూరు అనే అనెటోడా, బిడ్డా?"

"లేదు. చిన్నకోడూరు, చిన్నకోడూరు అనెటోడు. మేం ముద్దుకు అంటుండనుకున్నం. చిన్నప్పటి ఊరు గదా అని."

బాపు చాలాసేపు మాట్లాడలేదు. అవతలి నుంచి "హలో, హలో" అంటున్నాడు.

"పెద్దకోడూరు అని ఇంకోటి ఉన్నది బిడ్డా" అన్నాడు చివరికి. "అందుకే మనది చిన్నకోడూరు."

ఇంటిపేరు అయ్యేటప్పుడు రాలిపోయింది ఆ 'చిన్న' ఒక్కటే. దారి తెలియాలంటే కావలసిందీ అదే.

తర్వాత ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. ఊళ్ళో నీళ్ళున్నాయా అని అతను అడిగాడు. వాళ్ళ తాత చెప్పిన ఊళ్ళో నీళ్ళు లేవు మరి. 2020లో చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ నిండిన సంగతి బాపు చెప్పాడు. రైలు ఉందా అని అడిగాడు. సిద్దిపేటకు ఈ నెలలోనే మొదటి రైలు వచ్చిందని చెప్పాడు. సంక్రాంతికి పిల్లలతో వస్తామన్నాడు అతను. పెట్టేసే ముందు కొంచెం తడబడ్డాడు.

"నేను మిమ్మల్ని ఏమని పిలువాలె?"

"మీ బాపు కంటె నేను పెద్దోన్ని" అన్నాడు బాపు. "పెద్దబాపు అను."