రోజుకు పాతిక గంటలు

మా పెళ్ళై 40 ఏళ్ళు నిండాయని 2023లో, ఇంగ్లండులో ఉంటున్న మా అమ్మాయి మాకో కానుక ఇచ్చింది. నగా కాదు, పట్టుచీరా కాదు. సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్‌కి ఓడ టిక్కెట్లు! అవతలి ఒడ్డున న్యూజెర్సీలో మా అబ్బాయి ఉంటాడు. "విమానంలో ఎనిమిది గంటల్లో పోయేదానికి ఏడు రాత్రులు నీళ్ళ మీద ఎందుకే తల్లీ?" అన్నాను. "మీరిద్దరూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుని ఎన్నాళ్ళైందమ్మా?" అంది. నిజమే మరి. మావారు బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ బదిలీలు, రిటైరయ్యాక టీవీ.

అసలు సంగతి ఇంకోటి ఉంది. తెనాలి ఇల్లు అమ్మేసి వచ్చేయండి, గ్రీన్ కార్డుకి పెడతానని అబ్బాయి ఏడాదిగా ఒకటే పోరు. మావారు సరేనన్నట్టే ఉన్నారు. నాకు ససేమిరా ఇష్టం లేదు. ఆ ఇల్లు కడుతున్నప్పుడు పొద్దున్నా సాయంత్రం గోడలు తడిపినదాన్ని నేను. ఈ మాట ఎత్తితే ఆయన లేచి బయటికి వెళ్ళిపోవడం, నేను వంటింట్లో గిన్నెలు చప్పుడు చేయడం. ఓడలో అయితే లేచి ఎక్కడికి పోతారులే అనుకున్నాను.

ఓడ పేరు క్వీన్ మేరీ 2. 345 మీటర్ల పొడవు. 2004 నుంచి తిరుగుతోంది. సెలవుల్లో సరదాగా తిప్పే క్రూయిజ్ ఓడలు వేరు, ఇది వేరట. అట్లాంటిక్ అలల్ని చీల్చుకుంటూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేర్చడానికే కట్టిన లైనర్. అందుకని రేకు మందం, వేగం ఎక్కువ. అంత ఓడా రెండోరోజుకి ఊగింది. మా గది మనిషి ఆకుపచ్చ ఆపిలూ, ఉప్పు బిస్కెట్లూ తెచ్చిపెట్టాడు. నేను మాత్రం నా శొంఠిపొడినే నమ్ముకున్నాను. మీరెవరైనా వెళ్తే ఓడ మధ్యలో, కింది అంతస్తులో గది అడగండి. ఊపు తక్కువ.

విమానంలోలా పెట్టెలు తూచి ఇది తియ్యండి, అది తియ్యండి అనే గొడవ లేదు కనుక ఆవకాయ సీసా, కందిపొడి పట్టుకెళ్ళాను. భోజనాల హాల్లో వడ్డించే గోవా అబ్బాయి రెండోపూటకే మా సంగతి కనిపెట్టి, అడక్కుండానే అన్నం, పెరుగు తెచ్చేవాడు. రెండు రాత్రులు విందు దుస్తుల్లోనే రావాలన్నారు. దేశీయ దుస్తులు ఫరవాలేదని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. నేను గద్వాల చీర కట్టాను. మావారు జరీ పంచె, లాల్చీ, కండువాతో వస్తే ఇద్దరు తెల్ల దొరసానులు ఆగి మరీ మెచ్చుకున్నారు. ఆ రాత్రి ఆయన నడకే మారిపోయింది! డెక్ మీదికి మాత్రం చీరతో వెళ్ళేవాళ్ళు పిన్నీసులు దండిగా పెట్టుకోండి. ఆ గాలి ఇంతా అంతా కాదు.

ఇంకో వింత. పై అంతస్తులో కుక్కలకి గదులున్నాయి. వాటి అవసరానికి ఇంగ్లీషు కుక్కలకైతే ఒక దీపస్తంభం, అమెరికా కుక్కలకైతే వాళ్ళ వీధుల్లో ఉండే ఫైర్ హైడ్రెంట్ పెట్టారు. పరాయి దేశంలో ఇమడలేకపోవడం కుక్కలకీ ఉందన్నమాట, అన్నాను ఆయన వినేలా. వినపడనట్టు సముద్రం చూశారు.

లండన్‌కీ న్యూయార్క్‌కీ 5 గంటల తేడా. విమానంలో దాన్ని ఒక్క దెబ్బకి మింగాలి. ఓడలో అయిదు రాత్రులు, రాత్రికో గంట గడియారం వెనక్కి తిప్పుతారు. అంటే ఆ అయిదు రోజులూ రోజుకు 25 గంటలు. ఆ పాతికో గంట మాకు తెల్లవారుజామున వచ్చేది. నిద్ర పట్టదు, చేయడానికి పని లేదు.

నాలుగో రాత్రి పొగమంచు కమ్మింది. ఉత్తరం నుంచి వచ్చే చల్లని నీళ్ళూ, దక్షిణం నుంచి వచ్చే వెచ్చని నీళ్ళూ కలిసే చోటది. రెండేసి నిమిషాలకి ఓడ కూత. ఆ కూతల్లో ఒకటి 1936లో తొలి ప్రయాణం చేసిన పాత క్వీన్ మేరీదట. పది మైళ్ళ దాకా వినిపిస్తుందంటారు. టైటానిక్ మునిగింది ఈ వైపే. 1912 ఏప్రిల్ 15న, 1500 మందికి పైగా పోయారు. లైబ్రరీలో చదివిన సంగతి మావారు చీకట్లోనే చెప్పారు. అందులో స్ట్రౌస్ అనే పెద్దాయన, భార్య ఐడా ఉన్నారు. న్యూయార్క్‌లో మేసీస్ అనే పెద్ద కొట్టు వాళ్ళది. ఆయన్ని వదిలి ఆవిడ పడవెక్కలేదు. ఇద్దరూ పోయారు.

"అంటే నేనూ మీ వెంటే అమెరికాలో ఉండిపోవాలనా?" అన్నాను.

"ఆయన్నీ ఎక్కమన్నారటే. ఆడవాళ్ళూ పిల్లలూ ఉండగా నేనెక్కనన్నాడు" అన్నారు. కాసేపు కూత విన్నాం. తర్వాత మెల్లగా, "నాకు స్టెంటు వేసిన రాత్రి నువ్వు గేటు దగ్గర చెప్పుల్లేకుండా నిలబడి ఎదురింటివాళ్ళని కేకేశావు చూడు. అదే కళ్ళలో ఉంది. మళ్ళీ అలాంటిదొస్తే ఆ ఇంట్లో నువ్వొక్కదానివే. అందుకే పిల్లాడి దగ్గరుంటే..." అని ఆపేశారు.

అది జరిగింది 2021లో. రెండేళ్ళలో ఈ మాట ఒక్కసారి అన్నారు కాదు. మనవడి మీద ప్రేమనుకున్నాను, అక్కడి సుఖాలనుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, చీకట్లో కనబడదుగా. "మరి అక్కడ కొడుకూ కోడలూ ఆఫీసుకెళ్తే పొద్దుటినుంచీ సాయంత్రం దాకా నేనొక్కదాన్నే. కారు రాదు, పక్కింటి గుమ్మం తట్టలేను. అప్పుడు ఎవర్ని కేకేయను?" అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. లేచి మాత్రం వెళ్ళలేదు.

మిగిలిన ఆ పాతికో గంటలన్నీ లెక్కలకే సరిపోయాయి. మేడమీది వాటాని ఆసుపత్రిలో పనిచేసే వాళ్ళెవరికైనా తక్కువ అద్దెకిస్తే? ఏడాదికి కొన్నాళ్ళు వీసా మీద పిల్లల దగ్గరికి వచ్చి వెళ్తే? గ్రీన్ కార్డు తీసుకుని ఏడాదికి పైగా బయటుంటే చిక్కే కదా! ఆయన ఓడ వాళ్ళిచ్చిన కాగితం వెనక పద్దులు రాసి కూడికలు చేస్తుంటే, పెళ్ళైన కొత్తలో జీతం పంచుకున్న రోజులు గుర్తొచ్చాయి.

చివరిరోజు తెల్లారకుండానే అందరూ డెక్ మీదికి చేరారు. వెరజానో వంతెన కింద దూరేటప్పుడు ఓడ పొగగొట్టం తగిలేస్తుందేమోనని నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ వంతెన కోసమే గొట్టం పొట్టిగా కట్టారట. తర్వాత ఎడమవైపు లిబర్టీ విగ్రహం, ఎదురుగా మేడలు. బ్రూక్లిన్‌లో దిగాం. ఆవకాయ ఉందని ముందే చెప్పాం, పోనిచ్చారు.

కారెక్కగానే అబ్బాయి, "నాన్నా, ఇంతకీ ఇల్లు బేరం పెట్టమంటారా?" అన్నాడు. "ఇల్లు అమ్మంరా. మేడమీద వాటాకి మంచివాళ్ళని చూడాలి" అన్నారు మావారు. వాడు రెండు సిగ్నళ్ళు దాటేదాకా మాట్లాడలేదు. "సరే, ఎన్నాళ్ళుంటారు?" అన్నాడు ఆఖరికి.

"అక్టోబరు దాకా. మొక్కలకి నీళ్ళు పోసే మనిషికి అప్పటిదాకానే డబ్బులిచ్చొచ్చాను" అన్నాను నేను.