బాపు పెట్టెలో దొరికిన గొట్టం

వరంగల్లు వచ్చినవాళ్లు కోట చూస్తారు, భద్రకాళి గుడికి వెళతారు, హనుమకొండలో వేయిస్తంభాల గుడి ముందు ఫొటో దిగుతారు. ఎనుమాముల మార్కెట్టు చూడడానికి మాత్రం ఎవరూ రారు. నేను మొన్న పనిగట్టుకుని వెళ్లాను, చేతిసంచీలో ఒక ఇనుపముక్క పెట్టుకుని!

దాని కథ ఇది. మా నాన్నగారిని మేము బాపు అనేవాళ్లం. ఆయన చాలాకాలం ఒక అడ్తి దుకాణంలో గుమాస్తా. ఆయన పోయాక పెట్టె తెరిస్తే ఇది బయటపడింది. జానెడున్నర పొడవు. ఒక కొస ముల్లులా వాడి. నడుమ కాలువలా తెరిచిన గొట్టం. పిడి కూడా బోలు. మా అబ్బాయి బాకు అన్నాడు. మా ఆవిడ జంతికల గొట్టం తాలూకు ముక్కేమో అంది. నేను నిఘంటువులు తిరగేశాను. పేరు తెలియని వస్తువును నిఘంటువులో ఎలా వెతకాలో ఎం.ఏ.లో ఎవరూ చెప్పలేదు మరి!

మార్కెట్టులో మిర్చి ఘాటుకు తుమ్ములు, గాలిలో పత్తి పింజలు. మక్కల బస్తాల దగ్గర కూచున్న ఒక ముసలి హమాలీకి చూపించాను.

“గిది ఏడ దొరికింది సారూ?” అని నవ్వి, పక్కనున్న బస్తాలో గుచ్చి తిప్పాడు. బస్తా నడుమనున్న గింజలు పిడిలోంచి జలజలా అతని అరచేతిలోకి రాలాయి. గొట్టం లాగి గోనెను బొటనవేలితో రుద్దితే కన్నం కనపడలేదు. పైన మంచి సరుకు పోసి లోపల తడి గింజలు దాచారేమో తెలుసుకునే సాధనమట. పేరేమిటంటే, “పేరేంది సారూ, గుచ్చి చూసేది!” అన్నాడు.

ఆ బస్తా తాలూకు రైతు అంతదాకా చూస్తూ ఊరుకుని, “ఆ గింజలు నాకియ్యరాదే?” అన్నాడు.

“ఎన్నడన్న ఇచ్చిండ్రా?” అన్నాడు హమాలీ.

నా గుండె కలుక్కుమంది. చిన్నప్పుడు బాపు సాయంత్రం రుమాలులో మూట తెచ్చేవాడు. పెసలూ కందులూ మక్కలూ కలిసి ఉండేవి. అమ్మ చేట ముందేసుకుని ఏరేది. కలిపి ఎందుకు తెస్తాడో నేనెన్నడూ అడగలేదు. లెక్కల్లో పైసా తేడా రానివ్వని మనిషి మా బాపు. కాని ఆ పిడికెళ్లు ఏ లెక్కలోనూ లేవు. బస్తాకు యాభై గ్రాములనుకున్నా ఇరవై బస్తాలకు కిలో!

రైతుకు జరిగే ఇలాంటి నష్టాలను అరికట్టడానికే హైదరాబాదు రాజ్యంలో 1930లోనే మార్కెట్ల చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1966లో మరొకటి చేశారు. 2016లో మొదలైన ఈ-నామ్ పద్ధతిలో ధర కంప్యూటరులో పలుకుతుంది. అయినా సరుకు నాణ్యం చెప్పాలంటే ముందు బస్తాలోంచి పిడికెడు తీయవలసిందే.

హమాలీ చేతిలోని గింజలు అడిగి పుచ్చుకుని రైతు చేతిలో పోశాను. అతను ఒక్కటీ జారనీయకుండా తువ్వాలు కొంగున ముడివేసుకున్నాడు.

ఇంటికి రాగానే అబ్బాయి, “బాకేనా నాన్నా?” అని పరుగెత్తుకొచ్చాడు. కాదని చెప్పి, అది ఎలా పనిచేస్తుందో మా బియ్యపు బస్తాలో గుచ్చి చూపించాను. రుమాలు సంగతి మాత్రం ఇంకా చెప్పలేదు. చెప్పాలి.